అడాప్టర్ పెట్టగానే ‘టింగ్’ మందా?

తొమ్మిదింటికి లాగిన్. ఎనిమిదీ ముప్పావుకి లాన్ కేబుల్ తగిలించిన యూఎస్‌బీ అడాప్టర్‌ని ల్యాప్‌టాప్‌కి గుచ్చితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇప్పటి పల్చటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లాన్ పోర్టే ఉండదు కాబట్టి ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి ఈ తిప్పలు తప్పవు. కంగారులో చాలామంది చేసే పని, దొరికిన డ్రైవరల్లా దించుకోవడం. నేనూ ఒకసారి రెండు గంటలు అదే పనిలో ఉన్నాను. తీరా చూస్తే తప్పు మధ్యలో ఉన్న హబ్‌ది. అడాప్టర్‌ని నేరుగా పెడితే నిమిషంలో నెట్ వచ్చింది.

అందుకే ముందు చెవి పెట్టండి. సౌండ్ పెంచి, అడాప్టర్ తీసి మళ్లీ పెట్టండి. విండోస్ ‘టింగ్’ మందా? సౌండ్ లేని మెషీన్ అయితే విండోస్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి ఉంచి గుచ్చండి. అడాప్టర్‌ని గుర్తిస్తే అందులోని జాబితా ఒక్కసారి కదులుతుంది.

టింగ్ అనలేదంటే డ్రైవర్ ఊసెత్తకండి. గొడవ పోర్టుదో, కరెంటుదో, అడాప్టర్‌దో. హబ్ తీసేయండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు ఇచ్చేది 900. విడిగా పవర్ లేని హబ్‌లో మౌస్, కీబోర్డు, పెన్‌డ్రైవ్, అడాప్టర్ అన్నీ ఆ వాటాలోనే సర్దుకోవాలి. పెట్టగానే వచ్చిపోయే చప్పుళ్లు మాటిమాటికీ వినిపిస్తుంటే కరెంటు చాలడం లేదనో, పిన్ను వదులైందనో అనుమానించండి. మరో పోర్టులో చూడండి. ఇంట్లో ఇంకో ల్యాప్‌టాప్ ఉంటే దానికీ పెట్టండి. అక్కడా మూగనోము పడితే అడాప్టర్ పని అయిపోయినట్టే.

ఇంకో సంగతి. రాత్రి షట్‌డౌన్ చేశాం కదా అనుకుంటాం. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా పడుకోదు, తన స్థితిని కొంత దాచుకుని పొద్దున్న అక్కణ్నుంచే లేస్తుంది. నిన్నటి తిక్క ఇవాళా ఉండొచ్చు. అందుకని షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టండి.

టింగ్ అంది గానీ నెట్ లేదంటారా? డివైస్ మేనేజర్‌లోకి వెళ్లండి. ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’లో దాని పేరు పక్కన కింది బాణం ఉంటే ఎవరో డిజేబుల్ చేశారు, ఎనేబుల్ చేస్తే సరి. పసుపు గుర్తుతో కోడ్ 28 ఉంటే డ్రైవర్ లేదు. ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’, కోడ్ 43 అని ఉంటే చాలాసార్లు కథ మళ్లీ పోర్టు, కేబుల్ దగ్గరికే వస్తుంది. కొన్ని వైఫై డాంగిల్స్ అయితే మొదట సీడీ డ్రైవ్ వేషంలో కనిపిస్తాయి. పాడైందని పారేయకండి, దాని డ్రైవర్ అందులోనే ఉంటుంది. ఆ డ్రైవ్ తెరిచి సెటప్ నడపండి.

డ్రైవర్ వెతకాల్సి వస్తే అట్టపెట్టె మీది పేరుకంటే లోపలి చిప్ పేరే ముఖ్యం. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్‌కి వెళ్లి డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వీఐడీ తర్వాత 0బీడీఏ అని ఉంటే అది రియల్‌టెక్, 0బీ95 అని ఉంటే ఏసిక్స్. డ్రైవర్‌ని ఆ చిప్ కంపెనీ సైట్ నుంచో, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచో మాత్రమే దించుకోండి. ‘మీ డ్రైవర్లన్నీ మేమే వెతికిపెడతాం’ అనే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు. డ్రైవర్ దించడానికే నెట్ లేదు కదా అంటే, డేటా కేబుల్‌తో ఫోన్ తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వస్తే ఆ పోర్టు బాగానే ఉందని కూడా తేలిపోతుంది.

కాసేపు పనిచేసి మాయమయ్యే అడాప్టర్‌కి మందు వేరు. దాని ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, పవర్ ఆదా కోసం డివైస్‌ని ఆపేయడానికి అనుమతిచ్చే టిక్ తీసేయండి.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఇంత దూరం రావద్దు. యూఎస్‌బీ డివైస్‌లను ఐటీ వాళ్లే బ్లాక్ చేసి ఉండొచ్చు, డ్రైవర్ వేయడానికి అడ్మిన్ పాస్‌వర్డూ మీ దగ్గర ఉండదు. టికెట్‌లో ‘నెట్ రావట్లేదు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. టింగ్ అందో లేదో, డివైస్ మేనేజర్‌లో ఏ పేరు, ఏ కోడ్ కనిపించాయో, హార్డ్‌వేర్ ఐడీ ఏమిటో, వేరే మెషీన్‌లో పనిచేసిందో లేదో రాయండి. ఈలోగా టైమవుతోంది, ఫోన్ హాట్‌స్పాట్‌తో లాగిన్ అయిపోండి.