గింజ నుంచి నీలి శంఖుపూల తీగ

నీలి గులాబీ గింజలంటూ ఆన్‌లైన్‌లో అమ్మే పొట్లాల జోలికి పోకండి. నీలానికి కావాల్సిన డెల్ఫినిడిన్ రకం వర్ణకం గులాబీలో సహజంగా తయారవదు. జపాన్‌లో సంటోరీ కంపెనీ పాన్సీ జన్యువును గులాబీలోకి ఎక్కించి, 2009లో ఆ పూలను అమ్మకానికి పెట్టింది. తీరా చూస్తే అవీ లేత ఊదాగానే తేలాయి. ఇక ఆ పొట్లంలోంచి ఏం మొలుస్తుందో మీరే ఊహించుకోండి. ఆ వర్ణకం దండిగా ఉన్న పువ్వు మన దడుల మీదే పూస్తోంది. అదే శంఖుపువ్వు, దింటెన అన్నా ఇదే. విత్తనంతో మొదలుపెట్టే కొత్తవాళ్లకు ఇంతకన్నా నమ్మకమైన నీలి పువ్వు నాకు తెలియదు.

గింజలు కొనక్కర్లేదు. గుడి ప్రహరీ మీదో, పక్కింటి గేటు మీదో తీగ ఉంటే అడిగి నాలుగు కాయలు తెచ్చుకోండి. కాయ ఎండి గోధుమరంగుకు తిరగాలి, ఊపితే గలగలమనాలి. తెల్లపూల రకమూ ఉంది, ఎండు కాయ చూసి ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. అందుకని పూసే రోజుల్లోనే నీలి పూల తీగకు దారం కట్టి ఉంచండి. ముద్దపూల రకానికి గిరాకీ ఎక్కువే గానీ, శంఖు ఆకారం చూడాలంటే ఒంటిరెక్కదే.

చాలామంది గింజ మొలవలేదని వదిలేసేది తర్వాతి అడుగు తెలియకే. గింజ పైతోలు గట్టిది, నీళ్లను లోపలికి రానివ్వదు. ఉప్పు కాగితం మీద ఒక పక్క రెండు మూడుసార్లు రుద్దండి. కాయకు అతుక్కున్న మచ్చ వైపు మాత్రం తాకించకండి, మొలక వచ్చేది అక్కడే. తర్వాత రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. తెల్లారేసరికి ఉబ్బినవి విత్తడానికి సిద్ధం. ఉబ్బనివాటిని మళ్లీ రుద్ది నానబెడితే సరి.

విత్తడానికి తొలకరి మంచి అదను. కుండీ అడుగున చిల్లులుండాలి, 12 అంగుళాలదైతే చాలు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి నింపండి. వేరు కదిలితే ఈ మొక్క అలుగుతుంది కాబట్టి నారు పోసి మార్చే పని పెట్టుకోకుండా, ఉండాల్సిన కుండీలోనే గోరు మునిగే లోతున మూడు గింజలు వేయండి. మట్టి తడిగా ఉండాలి, బురద కాకూడదు. వారం నుంచి రెండు వారాల్లో మొలకలొస్తాయి. బలంగా ఉన్నవి రెండు ఉంచి మూడోది తుంచేయండి.

జానెడు ఎత్తుకు రాగానే చివర గిల్లితే పక్క కొమ్మలు వేస్తుంది. పాకడానికి పురికొసో, బాల్కనీ ఊచలో చూపించండి. రోజుకు ఆరు గంటల ఎండ తప్పనిసరి. నీడలో ఆకులే గానీ పూలుండవు. యూరియా వేయకండి. ఇది చిక్కుడు కుటుంబపు మొక్క, వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. పైనుంచి ఇంకా పోస్తే ఆకు గుబురే మిగులుతుంది. పేనుబంక పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే చాలు.

సుమారు రెండు నెలలకు పూత మొదలవుతుంది. ఏ పువ్వుకైనా ఆయుష్షు ఒక్క రోజే, కాబట్టి కోయడానికి మొహమాటపడకండి. పూజకు పోగా మిగిలినవి వేడినీళ్లలో వేస్తే నీళ్లు నీలమవుతాయి, నిమ్మరసం పిండితే ఊదాకు తిరుగుతాయి; పిల్లలు వదలరు. కాయలు మాత్రం కట్టనివ్వకండి, కాయ పడితే పూత తగ్గుతుంది.

కార్న్‌ఫ్లవర్, లార్క్‌స్పర్ లాంటి చలికాలపు నీలి పూల మోజు రెండో ఏడాదికి ఉంచుకోండి. అవి అక్టోబరులో విత్తాలి, ఎండ ముదిరేసరికి వాడిపోతాయి.

విత్తనానికి సీజన్ చివర్లో అయిదారు కాయలు తీగకే వదిలేసి, అవి మెలితిరిగి పగలకముందే కోయండి. నీడన ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, పైన రంగూ నెలా రాసి పెట్టుకోండి.