పాత ట్రాక్టరు – పరీక్ష

పూర్వం రైతు సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్ళను బట్టి వయస్సు తెలుసుకొనేవాడు. గిట్టలు, మూపురం, సుళ్ళు పరిశీలించేవాడు. కొంతదూరం నడిపించి చూసేవాడు. నేడు కాడెద్దుల స్థానాన్ని చాలావరకు ట్రాక్టరు ఆక్రమించింది. అయినా పరీక్షించి కొనాలన్న నీతి మారలేదు.

2015–16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలోని కమతాలలో సుమారు 86 శాతం రెండు హెక్టార్లలోపువే. అంత చిన్న కమతం గల రైతుకు కొత్త ట్రాక్టరు మోయలేని భారం. కనుక అతడు పాతదానివైపు చూడటం సహజం. అయితే అది సరిగ్గా అదనులో మొరాయిస్తే పెట్టుబడితోపాటు పంట కూడా నష్టమవుతుంది. ఏడాదిలో కొద్దిరోజుల పనే ఉన్నవారికి అద్దె ట్రాక్టరే మేలు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. ముందే వేడిచేసి ఉంచితే లోపం బయటపడదు. నల్లపొగ డీజిలు పూర్తిగా మండటం లేదనడానికి సూచన. ఒక్కొక్కసారి ఎయిర్ ఫిల్టరు శుభ్రపరిస్తేనే అది తగ్గుతుంది. విడవకుండా నీలిపొగ వస్తుంటే ఇంజన్ ఆయిలు మండుతున్నదనీ, రింగులు, లైనర్లు అరిగి ఉండవచ్చుననీ గ్రహించాలి. ఆయిలు పాలవలె తెల్లబడితే అందులో నీరు కలిసినట్లే. నాగలిని పైకెత్తి ఇంజను ఆపినప్పుడు అది వెంటనే కిందికి జారితే హైడ్రాలిక్ వ్యవస్థలో లీకు ఉన్నట్లు. మాగాణిలో దమ్ము చేసిన ట్రాక్టరయితే బురదనీరు చక్రాల బేరింగులలోకి చేరిందేమో చూడాలి. కొత్త రంగును చూసి మురిసిపోరాదు. 'పైన పటారం, లోన లొటారం' అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

విడిభాగాల లభ్యత మరొక ముఖ్యాంశం. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగం మూసివేతకు కేంద్రప్రభుత్వం 2016లో ఆమోదం తెలిపింది. తయారీ నిలిచిపోయిన ట్రాక్టరు ఎంత దృఢమైనదైనా, దాని భాగాలు దగ్గరి పట్టణంలో దొరుకుతాయని నిర్ధారించుకొన్న తరువాతే కొనాలి.

రిజిస్ట్రేషన్ పత్రంలోని ఇంజను, ఛాసిస్ సంఖ్యలు యంత్రంపై ఉన్నవాటితో సరిపోవాలి. దానిపై బ్యాంకు రుణం నమోదై ఉంటే, అది తీరినట్లు ధ్రువపత్రం పొంది ఆ నమోదును రద్దు చేయించాలి. లేకుంటే పాత యజమాని తీర్చని అప్పుకు కొత్త యజమాని ట్రాక్టరు జప్తు కావచ్చు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం కొన్నవారు 30 రోజులలో యాజమాన్య మార్పును రవాణా శాఖకు తెలియజేయాలి.

నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకొని వెళ్ళడం వివేకం. అతనికిచ్చే ప్రతిఫలం రాబోయే మరమ్మతుల ఖర్చుతో పోలిస్తే స్వల్పం. లోపాలన్నీ తెలిసిన తరువాతే ధర మాట్లాడాలి. తృప్తి కలగనప్పుడు కొనకుండా తిరిగిరావడం కూడా రైతుకు లాభమే.