పోటీ పరీక్షల ప్రత్యేకం: నంద్యాల, ఆళ్లగడ్డ – విపత్తులో మొదటి బాధ్యత ఎవరిది?

నల్లమల, ఎర్రమల కొండల మధ్య కుందూ నది లోయలో ఉన్న నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. 2019 సెప్టెంబరు వానలకు మహానంది ఆలయం నీట మునిగింది. కొండవాగులు ఒక్కసారిగా పొంగే ఇలాంటి చోట తొలి గంటల భారం స్థానిక సంస్థదీ, ఇంటిదీ. చట్టమూ ఈ వాదనకు బలమిస్తోంది. విపత్తు నిర్వహణ చట్టం–2005లో సెక్షన్ 25 జిల్లా ప్రాధికార సంస్థను ఏర్పరుస్తుంది: అధ్యక్షుడు కలెక్టర్, సహాధ్యక్షుడు జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ (తరచూ తికమకపెట్టే ప్రశ్న). సెక్షన్ 31 జిల్లా ప్రణాళిక. సెక్షన్ 41 స్థానిక సంస్థల విధులు: సిబ్బందికి శిక్షణ, సామగ్రిని సిద్ధంగా ఉంచడం, నిర్మాణ ప్రమాణాల అమలు, సహాయ పునరావాసాలు. పురపాలికల విధులను చెప్పే రాజ్యాంగం 12వ షెడ్యూలులో (74వ సవరణ, 1992) అగ్నిమాపక సేవలు 7వ అంశం.

చిన్న పట్టణాలకు నిధులేవీ అన్న అభ్యంతరం న్యాయమైనదే. 2025 సవరణ తెచ్చిన పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ (సెక్షన్ 41ఎ) రాష్ట్ర రాజధానులకు, నగరపాలక సంస్థలున్న నగరాలకే ఉద్దేశించినది. జిల్లాలోని పట్టణాలు నంద్యాల, ఆళ్లగడ్డ ఆ కోవలోకి రావు. కనుకనే సెక్షన్ 41 ఇక్కడ మరింత కీలకం. వాగు గట్టున ఇంటికి అనుమతి నిరాకరించడానికి పెద్ద నిధులు అక్కర్లేదు, నిబ్బరం కావాలి. ఇక ఇంటి సన్నద్ధత ప్రభుత్వ బాధ్యతను తగ్గించదు. సాయం చేరేదాకా ప్రాణం నిలుపుతుంది. ఇందుకు కావాల్సినవి: తాగునీరు, మందులు, టార్చి, తడవని సంచిలో ఆధార్, పట్టా కాగితాలు, ముందే అనుకున్న మెరక చోటు. గుర్తుంచుకోవాల్సినవి: 112 అత్యవసరం, 108 అంబులెన్స్, 1077 జిల్లా, 1070 రాష్ట్ర కంట్రోల్ రూమ్.