పొడిగాలిలో తడి!

మే నెలలో కర్నూలు, కడపల్లో ఎండ 42 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మిరపకాయలు నిలవచేసే శీతల గిడ్డంగిలో మాత్రం సుమారు 5 డిగ్రీలే! మరి తలుపు తెరిస్తే? లోపలి చల్లగాలి ఘనమీటరుకు 1.27 కిలోలు తూగుతుంది. బయటి వేడిగాలి 1.12 కిలోలే. కనుక చల్లగాలి గడప మీదుగా బయటికి జారుతుంది, వేడిగాలి పైనుంచి లోపలికి దూరుతుంది. ఇంట్లో ఫ్రిజ్ తెరిచినప్పుడు చల్లదనం మీ పాదాలకు తగలడం ఇందుకే.

"సీమ గాలి పొడిదే కదా, తేమ భయమెందుకు?" అంటారేమో. లెక్క చూడండి. 42 డిగ్రీల గాలిలో సాపేక్ష ఆర్ద్రత 25 శాతమే ఉన్నా, ఘనమీటరుకు సుమారు 14 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 5 డిగ్రీల గాలి 7 గ్రాములకు మించి మోయలేదు! మిగిలింది చల్లని గొట్టాలపై మంచుగా పేరుకుంటుంది, కాయలపై చెమ్మగా దిగుతుంది. బూజు పట్టిందా, రైతు ఏడాది కష్టం గోవిందా! అందుకే గుమ్మానికి ప్లాస్టిక్ పట్టీల తెర వేలాడదీస్తారు. తలుపు అంచున రబ్బరు చిరిగితే మాత్రం, తలుపు మూసి ఉన్నా గాలి రాకపోకలు ఆగవు.