మృతసంస్కార వ్యయవిచారము

ఇంటిలో నొకరు మరణించినప్పుడు ఆ యింటివారు కొనవలసినవి పెక్కులు గలవు. వాహనము, పాడెకు వెదురు, కట్టెలు, పిడకలు, నెయ్యి, క్రొత్తవస్త్రము, పురోహితుని సంభావన, కాటికాపరి కూలి, అటుపిమ్మట పండ్రెండుదినముల వంట. కూతురి వివాహమునకు నాలుగంగళ్లు తిరిగి బేరమాడు గృహస్థు ఇచ్చట నోరు మెదపడు. ఏలయన, సమయము లేదు; ఇట్టి వస్తువులను మునుపు కొన్న అనుభవము లేదు; బంధువులు చూచుచున్నారు; అన్నిటిని మించి, తండ్రి చితికి కట్టె బేరమాడుట తండ్రిని తక్కువచేయుటయని మనసు పొడుచుచుండును. అమ్మువానికి ఈ సంగతులన్నియు తెలియును. కావున ఇచ్చట వెల వస్తువును బట్టిగాక కొనువాని నిస్సహాయతను బట్టి యేర్పడుచున్నది.

2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో తిరుపతియందు జరిగిన సంగతి చదువరులు మరచియుండరు. ఆసుపత్రిలో చనిపోయిన యొక బాలుని స్వగ్రామమునకు గొనిపోవుటకై అచ్చటి అంబులెన్సువారు అడిగిన సొమ్మును తండ్రి ఇచ్చుకొనలేకపోయెను. తక్కువకు వచ్చుటకొప్పుకొన్న వెలుపలి బండిని వారు లోనికి రానీయలేదని పత్రికలు వ్రాసినవి. తుదకాతండ్రి కుమారుని దేహమును మోటారుసైకిలుపై వేసికొని రాజంపేట ప్రాంతమునకు సుమారు 90 కిలోమీటర్లు పోవలసివచ్చెను. ఇందు మేము గమనింపగోరునది అడిగిన సొమ్మెంత యనునది కాదు. రెండవ బండి ద్వారముకడనే నిలిచిపోయినది. బేరమాడువానికి వేరొక అంగడి లేనప్పుడు వాని నోరున్నను లేనట్లే.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో జెస్సికా మిట్‌ఫర్డ్ అను రచయిత్రి 1963లో 'ది అమెరికన్ వే ఆఫ్ డెత్' అను గ్రంథమును ప్రకటించి, శవపేటికల వర్తకులు దుఃఖితులచేత వలసినదానికంటె ఎక్కువ యెట్లు కొనిపించుచున్నారో బయలుపెట్టెను. ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారి నిబంధన యొకటి 1984లో అమలునకు వచ్చినది. దాని ప్రకారము అంత్యక్రియల వ్యాపారి వచ్చి యడిగినవారికి వెలల పట్టికను చేతికీయవలెను. టెలిఫోనులో అడిగినను ధర చెప్పవలెను. దహనమునకు శవపేటిక తప్పదని చెప్పరాదు, అట్టపెట్టె చాలును. పేటికను మరియొకచోట కొనితెచ్చినచో కాదనరాదు, అందుకై అదనపు రుసుము వేయరాదు. శవము చెడకుండ మందులెక్కించుట చట్టము కోరునదని అబద్ధమాడరాదు. అయినను అచ్చట ఖర్చు స్వల్పమని తలపవలదు. అచ్చటి అంత్యక్రియల నిర్వాహకుల సంఘము 2023లో వేసిన లెక్కనుబట్టి, బంధుదర్శనముతో కూడిన దహనమునకు మధ్యస్థవ్యయము 6,280 డాలర్లు, ఖననమునకు 8,300 డాలర్లు. ఆ దేశమున చదువుకొనబోయిన మన తెలుగుబిడ్డ మరణించినప్పుడు స్నేహితులు చందాలు పోగుచేసి దేహమును స్వదేశమునకు పంపుట తరచుగ వినుచున్నాము. కడసారి ముఖము చూడవలెనను తల్లి కోరికను కాదనుటకు మేమెవ్వరము? అచ్చటనే దహనముచేసి అస్థికలను పంపు మార్గమొకటి గలదనియు, పట్టిక అడుగుటకు తమకు హక్కుగలదనియు మాత్రము ఆ స్నేహితులు ఎరిగియుండవలెను.

మన శ్మశానములలో అట్టి పట్టికను ద్వారమున వ్రేలాడగట్టినచోట్లు మేము చూచినంతలో అరుదు. ఒక దేహము దహనమగుటకు వాడుక ప్రకారము 400 మొదలు 500 కిలోల కట్టె పట్టును. ఎత్తైన లోహపుగద్దెయు పొగగొట్టమును గల చితులను మోక్షద అను సంస్థ ప్రచారము చేయుచున్నది. వానియందు గాలి క్రిందనుండి చక్కగ ఆడుటచే ఆ కట్టెలో సగముకంటె తక్కువయే చాలును. పెద్ద పట్టణములలో విద్యుత్తుతోను గ్యాసుతోను నడచు కొలుములు గలవు. కొలిమియందు కొడుకు చేతినిప్పు ఎట్లనియు, కపాలమోక్షము ఎట్లనియు పెద్దలడుగుదురు. కొలిమి ద్వారముకడ కర్పూరము వెలిగించి కొడుకే అగ్ని నిచ్చుట పలుచోట్ల జరుగుచున్నది. రెండవ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేదు. అది ముఖ్యమని నమ్మువారు కట్టెచితినే యెన్నుకొనుట న్యాయము. కట్టె తూకమును మాత్రము బంధువొకడు దగ్గర నిలిచి చూడవలెను.

నిజమునకు కుటుంబమును కుంగదీయునది చితి కాదు, తరువాతి దినములు. దశదానములు, పెద్దకర్మ, ఊరిభోజనము, ఫ్లెక్సీ పటములు! ఒక నదీతీరపు రేవునందు ఒకే యావు ఒక్క యుదయమున మూడు కుటుంబములవలన మూడు మారులు దానముగ పుచ్చుకొనబడుట మేము కన్నులార చూచితిమి. ఆవు మాత్రము గడ్డి మేయుచు నిలిచియుండెను. భోజనమునకై తెచ్చిన అప్పు వితంతువు పేర నిలుచును, వడ్డీ ఆమెయే కట్టును. వడ్డించిన విస్తరులను లెక్కపెట్టువారు ఆ వడ్డీని లెక్కపెట్టరు.

కావున బ్రతికియున్నప్పుడే ఇంటిపెద్ద తన సంస్కారము ఎట్లు జరుగవలెనో ఒక కాగితముపై వ్రాసియుంచుట మేలు. పురపాలకసంఘపు కొలిమి రుసుమును, ప్రభుత్వాసుపత్రులనుండి ఉచితముగ వచ్చు మహాప్రస్థానపు బండి దొరకు వేళలను ముందుగ అడిగి తెలిసికొని ఆ కాగితముననే గుర్తుపెట్టవచ్చును. దేహమును వైద్యకళాశాలకు దానము చేయదలచినవారు ఆ పత్రమును కూడ నింపి దగ్గరివారికి తెలుపవలెను. బేరమునకు కొడుకు పోరాదు. దుఃఖము తక్కువగల పొరుగువానిని పంపవలెను.

మా మిత్రుడొకని తండ్రి ఇట్లే వ్రాసిపెట్టెను: గ్యాసుకొలిమి, ఒక్క పురోహితుడు, భోజనము ఇంటివారికి మాత్రము. బంధువులు గొంతెత్తగా మిత్రుడు వాదింపక ఆ కాగితమును బిగ్గరగ చదివెను. తండ్రి చేవ్రాతను చూచి అందరును ఊరకుండిరి. మేనమామ మాత్రము అప్పటికే రెండు డబ్బాల నెయ్యి తెచ్చియుండెను. దానిని త్రిప్పిపంపుటకు ఎవ్వరికిని మనసొప్పలేదు.