మిరప చేలో మొదటి చలికాలం

నరసరావుపేట,
కార్తిక మాసం.

చిరంజీవి అబ్బాయికి,

మీ నాన్న ఫోన్ చేశాడు. దుర్గి అవతల కౌలుకు తీసుకున్న చేలో మిరప బాగా పట్టిందనీ, పండు కోత మొదలైనప్పటి నుంచి కల్లం ఎత్తేదాకా రాత్రుళ్లు నువ్వే కాపలా ఉంటావనీ చెప్పాడు. ఊరు దూరం, కరెంటు స్తంభం కంటికి ఆనదు, ఉన్నదల్లా మంచమూ మనిషీ పట్టే ఒక్క రేకుల గది అన్నాడు. నేను చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. కాగితం మీద ఉంటే కావలసినప్పుడు తీసి చూసుకుంటావని రాస్తున్నాను.

పల్నాడంటే అందరికీ ఎండలే గుర్తొస్తాయి. వేసవి వచ్చిందంటే రెంటచింతల పేరు పేపర్లకెక్కుతుంది. మబ్బు లేని అదే ఆకాశం చలికాలంలో ఇంకో పని చేస్తుంది. పగలు పీల్చుకున్న వేడిని నేల పొద్దుగూకగానే పైకి వదిలేస్తుంది; ఆపడానికి మబ్బు ఉండదు. మధ్యాహ్నం చొక్కా విప్పి పని చేసిన మనిషే తెల్లవారుజామున గజగజ వణుకుతాడు. కారెంపూడిలో వీరుల తిరునాళ్లు జరిగే కార్తిక అమావాస్యకు చలి మొదలవుతుంది. ధనుర్మాసంలో ముదురుతుంది. కోటప్పకొండకు ప్రభలు కదిలే శివరాత్రికి సెలవు తీసుకుంటుంది. నీ కాపలా దాదాపు అంతా ఆ నడిమి కాలంలోనే.

మన చలి మంచు కొండల చలి కాదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాణ్ణి అది తనంతట తాను ఏమీ చేయదు. చలికి జడిసి మనం చేసే పనులే ప్రాణం మీదికి తెస్తాయి. అందుకని రెండే మాటలు గుర్తుపెట్టుకో: తడిని లోపలికి రానివ్వకు, గాలిని పూర్తిగా ఆపకు. మిగతాదంతా ఈ రెండిట్లోంచి వచ్చేదే.

తడి ముందు పైకప్పు నుంచి వస్తుంది. రాత్రి రేకు బయటి గాలి కంటే కూడా ఎక్కువ చల్లబడుతుంది. నీ ఊపిరిలోని ఆవిరి పోయి దాని అడుగున చెమటలా పడుతుంది. తెల్లవారుజాము నాలుగింటికి టార్చి వేసి చూడు, రేకు నిండా బొట్లు వరసగా వేలాడుతుంటాయి. ఒకటి జారి ఇంకోదాంతో కలుస్తుంది, బరువెక్కి టప్పున దుప్పటి మీద పడుతుంది. దుప్పటి తడిసిందా, ఇక ఆ రాత్రి నిద్ర లేదు. మందు తేలికే. రేకు కింద ఒక అడుగు వదిలి వెదురు బద్దలు కట్టి, వాటి మీద తాటాకు గానీ బోదగడ్డి గానీ మందంగా పరిపించు. రేకు పైన కూడా ఎండు గడ్డి వేసి పాత వలతో బిగించి కట్టు. ఈశాన్యం నుంచి వచ్చే గాలికి ఆ వైపు గోడకు యూరియా సంచులు కుట్టి పరదాలా దించు; కుట్టే ముందు బాగా కడిగి ఆరబెట్టు. చూరు కింద మాత్రం ఎదురెదురుగా బెత్తెడు సందులు రెండు వదులు. చలేస్తోందని వాటిలో గుడ్డలు కుక్కకు.

నేల తడి సంగతీ చూసుకో. గది చుట్టూ జానెడు లోతు కాలువ తీసి పల్లానికి వదులు. చలికాలంలో వానేమిటి అనుకోకు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చేలో పంట తడిసి రైతులు ఎంత ఏడ్చారో నీకూ తెలుసు.

పడకకు నులక మంచమే మంచిది. కానీ మంచం కింద గాలి ఆడుతుంది కాబట్టి పైన ఎన్ని కప్పుకున్నా వీపు చల్లబడుతుంది. నులక మీద గోనె సంచులు, వాటి మీద వరిగడ్డి పరుపు, ఆ పైన బొంత వెయ్యి. కప్పుకోవడానికి గొంగళి ఉంటే దాన్ని మించింది లేదు. ఉన్ని కాబట్టి కాస్త చెమ్మ తగిలినా వెచ్చగానే ఉంటుంది. పగలు చెమట పట్టిన బనీనుతో పడుకోకు. పొడి చొక్కా, మేజోళ్లు, తలకు మఫ్లరు పడుకునే ముందు వేసుకో. పడకను రోజూ ఎండలో వెయ్యి.

ఇక నిప్పు. సర్కారు తుమ్మ మొద్దు ఒకటి అంటుకుంటే చాలాసేపు కణకణలాడుతుంది. చలిమంట బయట, గదికీ కల్లానికీ దూరంగా, నిప్పురవ్వ ఆ రెండిటి మీదికీ ఎగరని వైపు వేసుకో. పక్కన బిందెడు నీళ్లు పెట్టుకో. మిరప తొడాలు, తాలు కాయలు అందులో వేయకు, ఆ ఘాటుకు ఊపిరాడదు. మందు కొట్టిన పత్తి కట్టె కూడా వద్దు.

కుంపటి మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు. పొగ లేదు కదా, బొగ్గులే కదా అంటారు. పొగ లేని బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువు కంటే అది రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తాయి, బయటికి పరిగెత్తుతాడు. నిద్రలో ఉన్నవాడికి అవేవీ తెలియవు, లేవడు. కిటికీ తీసి పెట్టాను, ఫర్వాలేదు అనుకోవడమూ తప్పే. నీకంత వెచ్చదనం కావాలంటే స్టీలు సీసాలో వేడి నీళ్లు పోసి మూత బిగించి, తువ్వాలు చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకో. చాలాసేపు వెచ్చగా ఉంటుంది.

చుక్క వేసుకుంటే చలి తెలియదని పక్క చేల వాళ్లు పిలుస్తారు. చలి తెలియదన్నది నిజమే. మందు తాగితే చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని ఒంట్లో వేడి బయటికి పోతుంది; వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపల ఒళ్లు చల్లబడుతూ ఉంటుంది. పైగా మంట పక్కన ఒళ్లెరగని నిద్ర ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? నువ్వు మర్యాదగా వద్దను. దాని బదులు కడుపు నిండా తిను. రాత్రికి జొన్న రొట్టె, పప్పు, గుప్పెడు వేరుశనగలు, బెల్లం ముక్క. చలికాలంలో దాహం తెలియదు, అయినా నీళ్లు తాగు; కాలువ నీళ్లు కాకుండా ఊళ్లోంచి క్యాను తెచ్చుకో. స్నానం పక్క చేలో బోరు వేసినప్పుడు చెయ్యి, భూమిలోంచి వచ్చే నీరు పొద్దున పూట గోరువెచ్చగా ఉంటుంది.

పాముల విషయం. వెచ్చటి గడ్డి, గింజల కోసం వచ్చే ఎలుకలు పాముల్ని పిలుస్తాయి. రక్తపింజర చలికాలంలోనూ తిరుగుతుంది. కట్లపాము నేల మీద పడుకున్న వాళ్లను నిద్రలో కాటేస్తుంది. చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. అందుకని నేల మీద పడుకోకు, దోమతెర కట్టి అంచులు బొంత కిందికి మడువు, చెప్పులు దులిపి తొడుక్కో, టార్చి లేకుండా అడుగు బయట పెట్టకు. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు సూది ఉన్న సర్కారు ఆసుపత్రికి చేరు.

ఫోన్ అంటే చార్జింగ్ ఉండాలి కదా. సోలారు పలకను దక్షిణానికి తిప్పి, వేసవి కంటే కాస్త నిటారుగా నిలబెట్టు. డిసెంబరులో సూర్యుడు మనకు దక్షిణంగా వాలి నడుస్తాడు. పొద్దున్నే పలక మీద మంచూ దుమ్మూ కలిసి బురద పొరలా ఉంటుంది, తడిగుడ్డతో తుడువు. సాయంత్రం ముందు ఫోన్, తర్వాతే దీపం.

నీ కాపలా కాయకు కూడా కదా. పండు కాయలో నూటికి 65 నుంచి 80 పాళ్లు నీరే. గుంటూరు యార్డుకు పంపేనాటికి అది 10, 11 పాళ్లకు దిగాలి. పగలంతా ఆరింది ఒక్క రాత్రి మంచులో మళ్లీ చెమ్మెక్కుతుంది. రంగు పోతుంది, బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఎండ తగ్గకముందే కాయను కుప్ప చేసి పట్టా కప్పు. పొద్దున సూర్యుడు రాగానే పట్టా లాగేయకు. పట్టా పైనా, కల్లం నేల మీదా మంచు ఆరాక తీసి కాయ పరుచు.

పురుగుమందు డబ్బాలు గదిలో ఉంచకు. మూసిన గదిలో రాత్రంతా ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు. దూరంగా ఒక పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళం చెవి మీ నాన్నకివ్వు. ఇలా ఎందుకంటున్నానో దాచను. కౌలు, అప్పు, ధర, ఈ మూడూ ఒంటరి రాత్రుల్లో మనిషిని పీక్కుతింటాయి. 2025లో మిర్చి ధర పడిపోయి, ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల లెక్కన ఆదుకుంటామని ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది మళ్లీ రావచ్చు. వస్తే అది నీ తప్పు కాదు, నీ ఒక్కడి భారమూ కాదు. మనసు బరువైన రాత్రి ఏ వేళైనా సరే నాకు ఫోన్ చెయ్యి. నాతో చెప్పలేననిపిస్తే 14416కి చెయ్యి, టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఆఖరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. కోతలకు ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కర్నూలు జిల్లా వాళ్లు కుటుంబాలతో వస్తారు. నీకు రేకుల గదైనా ఉంది, వాళ్లకు చేను గట్టున ఒక పట్టా డేరా. అందులో ముసలివాళ్లూ చంటిపిల్లలూ ఉంటారు. పసిబిడ్డల ఒంట్లో వేడి పెద్దవాళ్ల కంటే త్వరగా పోతుంది. వాళ్లు రాకముందే మెరక చోటు చూసి చదును చేయించు, చుట్టూ కాలువ తీయించు. డేరాకొక మోపు వరిగడ్డి, మంచి పట్టా, నాలుగు రోజుల కట్టెలు, ఒక సోలారు దీపం ఇవ్వు. కుంపటి సంగతి, పాము సంగతి నీకు రాసినట్టే వాళ్లకూ కూర్చోబెట్టి చెప్పు. ఇవి దానంగా ఇస్తున్నానని అనుకోకు. వాళ్ల చేతులు లేకుండా నీ కాయ కల్లానికి చేరదు కాబట్టి, వాళ్ల రాత్రి కూడా నీ సాగు ఖర్చులో లెక్కే. కూలి లెక్కలో పట్టుకోకు.

ఈ ఆదివారం మాచర్ల వెళ్లి పట్టాలు, దోమతెరలు, టార్చిలు నీకూ వాళ్లకూ కలిపి కొను. డబ్బు తక్కువైతే చెప్పు, పంపుతాను. తాటాకు పని, కాలువ పని మొదటి కోతకు ముందే అయిపోవాలి. అవి అయ్యాక ఒక రాత్రి గదిలో పడుకుని చూసి, ఎక్కడ చెమ్మ తగిలిందో, ఎక్కడ గాలి కొట్టిందో నాకు రాయి. సంక్రాంతికి పెద్దమ్మా నేనూ వస్తాం. నీకు గొంగళీ, డేరాల్లో పిల్లలకు స్వెట్టర్లూ తెస్తాం. పిల్లలు ఎందరో, ఏ వయసు వాళ్లో కనుక్కుని రాయడం మర్చిపోకు.

ఇట్లు,
మీ పెదనాన్న