పట్టా పిమ్మటి చదువు

కేసముద్రం వంటి ఊళ్ళలో బిడ్డను ఇంజనీరింగు చదివించుటకు తల్లిదండ్రులు పంట డబ్బు వెచ్చించుచున్నారు. చాలనిచో అప్పు చేయుచున్నారు. నాలుగేండ్లకు పట్టా చేతికి వచ్చును. దానితో చదువు ముగిసినదని తలచుటయే నష్టము.

వరంగల్లులో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల స్థాపింపబడినది. 2002లో అదియే జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అయినది. తొలినాళ్ళ విద్యార్థులు స్లైడ్ రూలుతో లెక్కలు కట్టిరి. వారి ఉద్యోగకాలములోనే కాలిక్యులేటరు వచ్చినది, కంప్యూటరు వచ్చినది. నేర్చిన పనిముట్టు పాతబడినది. నేర్చుకొను నేర్పు పాతబడలేదు. 2014లో భారతదేశము పూర్తి సభ్యత్వము పొందిన వాషింగ్టన్ ఒప్పందము సైతము, ఇంజనీరింగు పట్టభద్రునకు ఉండవలసిన లక్షణములలో జీవితాంతము నేర్చుకొనుటను చేర్చినది.

ఈ నేర్పు ఉపన్యాసము వినుటచే రాదు, అభ్యాసముచే వచ్చును. సెలవులకు వచ్చిన విద్యార్థి, బావి వద్ద మోటారు కాలినదని వినెననుకొందము. మొదట తనకు తెలియని దానిని ప్రశ్నగా వ్రాసికొనవలెను: వోల్టేజి తగ్గినచో మోటారు ఏల కాలును? రెండవది, గ్రంథము తెరచి కారణము వెదకవలెను. వోల్టేజి తగ్గినను పంపు భారము అంతగా తగ్గదు. కనుక మోటారు ఎక్కువ కరెంటు లాగును, వైండింగు వేడెక్కి తీగపై పూత మాడును. మూడవది, మెకానిక్కు చెంత కూర్చుండి కాలిన వైండింగును చూడవలెను. అంతటను సమముగా మాడినదా, కొంత భాగమే మాడినదా? కొంతయే అయినచో, మూడు ఫేజులలో ఒకటి పోయి ఉండవచ్చును. అప్పుడు మొదటి ప్రశ్ననే మార్చుకొనవలెను. నాల్గవది, తెలిసిన దానిని తండ్రికి అర్థమగునట్లు చెప్పవలెను. చెప్పలేనిచో మరల గ్రంథము తెరువవలెను.

పెద్దలకును ఇదియే మార్గము. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిదప నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినది. అప్పటికే ఆయన ఇరువది యేండ్లకు పైగా బొంబాయి ప్రభుత్వమున ఇంజనీరుగా పనిచేసినవాడు. అయినను వర్షపాతపు లెక్కలను, ఎగువ చెరువులు తెగిన తీరును పరిశీలించిన పిమ్మటనే జలాశయములను సూచించెను. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ సూచనల ఫలములు.

కావున తల్లిదండ్రులు బిడ్డను మార్కులతో పాటు మరియొక మాట అడుగవలెను: "ఈ నెలలో తరగతిలో చెప్పనిది ఏమి నేర్చితివి?" ఏటేటా ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన బిడ్డకు, పట్టా వచ్చిన పిమ్మటను చదువు ఆగదు.